పెట్టె అలిగింది

మొన్నొక పొద్దున, నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో ప్రింటరుతో కుస్తీ పడుతుంటే ఫోను మోగింది. చూస్తే తెర మీద అన్న పేరు. అన్న పోయి ఏడాది కావస్తోంది. చేతిలోని స్క్రూడ్రైవరు జారి కాలి మీద పడింది. ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"పెట్టె అలిగింది. వచ్చి చూడండి. పెట్టె అలిగింది. వచ్చి చూడండి," అని అన్న గొంతు, బతికున్నప్పటి తాపీతోనే, చెప్పిందే చెబుతోంది.

దయ్యమూ కాదు, గియ్యమూ కాదు. ఆ పెట్టె అన్న కట్టిందే. అందులో ఆయన కూతురి ఇన్సులిన్ సీసాలు ఉంటాయి. లోపల చల్లదనం తగ్గితే ముందు అన్నకు ఫోను పోతుంది. ఆయన ఎత్తకపోతే వదినకు, వదిన ఎత్తకపోతే నాకు, నేనూ ఎత్తకపోతే గిద్దలూరు బావకు. ఆ మాటలు అన్న తన గొంతుతోనే రికార్డు చేసి పెట్టాడు. పెట్టెకు వేసిన సిమ్ము ఆయన పాతది, నా ఫోన్లో ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇదంతా నాకు తెలిసిందే.

నిజం చెప్పాలంటే మొదట ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. పోయి కూడా నన్ను పరిగెత్తిస్తున్నావా మహానుభావా అనుకున్నాను. ఆ వెంటనే అన్న కూతురు, పాప, గుర్తొచ్చింది. బయట మార్కాపురం ఎండాకాలం, పొద్దున్నే పలకరాయి మీద చెయ్యి పెట్టలేనంత వేడి. మందు వేడెక్కితే పాడవుతుంది. పాడైన మందు ఎక్కించుకుంటే ఆ పిల్ల ప్రాణం మీదికి వస్తుంది. ఎవరికీ చెప్పకుండా బండి తీశాను.

అన్న నాకు సొంత అన్న కాదు. మా వైపు వరస కలపకుండా ఎవరినీ పిలవం, వయసులో పెద్దవాడు కాబట్టి అన్న. బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉండేది. పొట్టి మనిషి, గళ్ల చొక్కా, చెవి మీద టెస్టరు. కళ్లద్దాలు జారితే వేలితో కాక ముంజేతితో పైకి తోసుకునేవాడు, వేళ్ల నిండా మసి కదా. ఉడకబెట్టిన శనక్కాయలంటే ప్రాణం. తిన్న పొట్టు కింద వేయడు, చొక్కా జేబులోనే వేసుకుంటాడు. ఒకసారి రసీదు రాసిద్దామని జేబులోంచి పెన్ను తీస్తే వెంట చీమలబారు వచ్చింది. ఎదురుగా నిలబడిన టీచరమ్మ కెవ్వుమంది. "భయపడాకమ్మా, ఇవి మా స్టాఫే," అన్నాడు.

ఆయన నోట 'చెడిపోయింది' అనే మాట వచ్చేది కాదు. మానిటరు అలిగింది, కీబోర్డు అలిగింది, హార్డ్ డిస్కు మరీ అలిగింది, ఇంక పుట్టింటికి పంపాల్సిందే. ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా ఒక తీగ కలిపి ఇది చాలులే అంటే, దాని వంక కాసేపు చూసి, "అది పోతే?" అనేవాడు. దానికి తోడుగా ఇంకొకటి కలిపితే దాన్నీ చూసేవాడు. "ఇదీ పోతే?" అప్పటికి మనకు విసుగొచ్చి, అన్నీ పోతే అందరం పోదాంలే అన్నా అంటే, చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుంటూ, "అట్లంటే ఎట్లబ్బా," అని నిజంగానే నొచ్చుకునేవాడు.

ఆదివారం పొద్దున ఆ దుకాణంలో మా సభ. నేను, గిద్దలూరులో నెట్ సెంటరు నడిపే బావ, ఒక్కోసారి పొదిలి నుంచో పెద్దారవీడు నుంచో ఇంకొకరిద్దరు మాలాంటి పిచ్చోళ్లు. సభకు ఒకటే పని. ఎవరైనా ఒక చిన్న ఇబ్బంది తేవాలి. దాన్ని తీర్చడానికి ఎంత తిరుగుడు దారి ఉంటే అంత తిరుగుడు దారి చెప్పాలి. ఎవరైనా నోరుజారి సులువైన దారి చెప్పారో, వాళ్లు లేచిపోయి అందరికీ టీ తేవాలి. ఈ కట్టుబాటు పెట్టింది అన్నే.

నేను చేరిన కొత్తలో దుకాణం మెట్టు మీద ఒక గోధుమరంగు కుక్క పడుకునేది. వచ్చేవాళ్లు దాన్ని దాటుకుని రావాల్సిందే. "దీన్ని లేపేది ఎట్ల?" అని అన్న సభలో పెట్టాడు. తెలియక, "హచా అంటే పోతది గదన్నా," అన్నాను.

"పో, టీ తే," అన్నాడు.

నేను టీలు తెచ్చేసరికి గిద్దలూరు బావ చేతులు తిప్పుతూ వివరిస్తున్నాడు. "ఈడ కెమెరా పెట్టాల బావా. ఫొటో గిద్దలూరుకు రావాల. ఇది కుక్కా, మేకా అని మా కంప్యూటరు తేల్చాల."

"మేకైతే?"

"మేకైతే అది వేరే శాఖ. మనకు సంబంధం లేదు."

"సరే, కుక్కే అని తేలింది. అప్పుడు మీ కంప్యూటరు నా పాత ఫోనుకు రింగిస్తది. ఆ ఫోను మెట్టు మీద రేకు కింద ఉంటది. గుర్రుమని వణుకుతది. కుక్క లేస్తది," అన్నాడు అన్న.

మేమైతే నవ్వుకుని ఇళ్లకు పోయాం. ఆయన వచ్చే ఆదివారానికి నిజంగానే కట్టి కూర్చున్నాడు. మెట్టు మీద రేకు, రేకు కింద ఫోను, దూలానికి కెమెరా. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. గిద్దలూరు కంప్యూటరు బాగా ఆలోచించుకుని రింగిచ్చింది. రేకు వణికింది. కుక్క లేవలేదు సరికదా, ఆ వణుకుడు హాయిగా ఉందేమో, ఒళ్లు విరుచుకుని ఇంకాస్త దగ్గరికి జరిగి పడుకుంది. మర్నాడు ఇంకో కుక్కను తోడు తెచ్చుకుంది. "గిరాకీ పెరిగింది బావా," అని అన్న గిద్దలూరుకు ఫోను చేసి చెప్పాడు.

కుళాయి నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లో కుళాయి ఎప్పుడొస్తుందో ఆ కుళాయికే తెలియదు. వచ్చేముందు మాత్రం కాసేపు గాలి ఊదుతుంది. అన్న కుళాయి మూతి ముందు ఒక విరిగిన పలకముక్కను దారంతో వేలాడగట్టాడు. గాలికి పలక ఊగుతుంది, ఊగి ఒక స్విచ్చికి తగులుతుంది, స్విచ్చి పాత ల్యాప్‌టాపును లేపుతుంది, అది మా వాట్సాప్ గుంపులో 'గాలి వచ్చింది' అని పెడుతుంది. పలక తడిస్తే 'నీళ్లు వచ్చినయి' అని పెడుతుంది. వాళ్ల వీధి నీళ్ల సమాచారం మూడు ఊళ్లకు తెలిసేది. ఆ వీధిలో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు, వాళ్లెవరూ మా గుంపులో లేరు కాబట్టి.

"బావా, నీ మెసేజి చూసి మా ఆమె గిద్దలూరులో బిందె పట్టుకొని వాకిట్లో నిలబడింది. ఏమని చెప్పేది?" అన్నాడు గిద్దలూరు బావ.

"పైపు పొడుగు గదా బావా, వస్తాయిలే. కొంచెం ఓపిక పట్టమను."

ఇట్లా పొట్ట పట్టుకుని నవ్వుకునే రోజులు. కానీ ఆ మనిషి ఇంట్లో ఉన్న కష్టం నవ్వులాటకు లొంగేది కాదు. పాపకు చిన్నప్పుడే షుగరొచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు, పూటపూటకూ సూది వేసుకుంటే తప్ప బతకని రకం. వచ్చిన మొదటి ఎండాకాలం గాలివాన కొట్టి కరెంటు స్తంభాలు పడిపోయాయి. రోజంతా కరెంటు లేదు. ఫ్రిజ్జులో మందు వేడెక్కింది. ఆ మందుతో ఉన్న చిక్కేమిటంటే పాడైనా చూడ్డానికి నీళ్లలాగా అట్లాగే ఉంటుంది. ఆ తర్వాత అదే మందు వేశారు. సాయంత్రానికి పాప వాంతులు చేసుకుని, ఎగశ్వాస తీస్తూ, పిలిస్తే పలకని స్థితికి వచ్చింది. ఒంగోలుకు తీసుకుపోయే కారులో ముందు సీట్లో నేనున్నాను. వెనక పాప తల ఒళ్లో పెట్టుకుని అన్న ఒకటే మాట. "ఒక్క ఫ్రిజ్జు మీద పెట్టుకున్నా. ఒక్కదాని మీద. ఎంత బుద్ధితక్కువోణ్ణిరా." వదిన పాప అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. దేవుడి దయ, పాప బతికింది.

అప్పట్నుంచి 'అది పోతే?' అనే మాట ఆయనకు పరాచికం కాకుండా పోయింది. మాకు మాత్రం ఇంకా పరాచికమే. ఒక ఆదివారం వచ్చి, "చిన్న సీసా. చల్లగ ఉండాల. ఏది పోయినా చల్లగనే ఉండాల. చెప్పండి," అన్నాడు. ఇంక చూస్కో, మాకు పండగే.

కారులో పెట్టుకునే చల్లడబ్బా లాంటివి రెండు కలిపి ఒక పెట్టె అన్నాం. కరెంటు పోతే ఇన్వర్టరు, అది పోతే మిద్దె మీద సోలారు పలక, అదీ పోతే పాత ల్యాప్‌టాపుల్లోంచి ఊడదీసిన బ్యాటరీలు. లోపల వేడి చూడ్డానికి థర్మామీటరు. అది అబద్ధం చెబితే? రెండోది. రెండూ రెండు రకాలుగా చెబితే? మూడోది పెట్టు, ఇద్దరి మాట ఏదైతే అదే చెల్లుతుంది అన్నాను నేను.

"పంచాయితీ అన్నమాట. మూడోది లంచం తింటే?" అన్నాడు గిద్దలూరు బావ.

"నాలుగోది పెడదాం."

"అప్పుడు ఇటు ఇద్దరు అటు ఇద్దరై తీర్పే రాదు."

"ఐదు," అన్నాడు అన్న. మేం విరగబడి నవ్వాం. ఆయన నవ్వలేదు, కాగితం మీద రాసుకున్నాడు. నిజంగానే ఐదు పెట్టాడు. ఆ పెట్టె తయారై వాళ్ల ముందుగదిలో గోడవారన కూర్చున్నప్పుడు చూడాలి, మంచమంత జాగా ఆక్రమించింది. పొద్దస్తమానం సన్నగా గుయ్యిమంటూ ఉండేది. అంతా కలిపి లోపల ఉండేది అరచేతిలో పట్టేన్ని సీసాలు. వాడకంలో ఉన్న సీసా పాప దగ్గరే, తడిగుడ్డ చుట్టిన చిన్న కుండలో ఉండేది. నిల్వ మందు మాత్రం పెట్టెలో. ఆ పెట్టె గుయ్యిమంటుంటేనే అన్నకు కంటి మీదికి కునుకొచ్చేదని వదిన చెప్పేది.

ఆ పెట్టె చేసిన ఘనకార్యం వినండి. చల్లబరిచే డబ్బాలు రెండున్నాయి కదా, ఒకటి నడుస్తుంటే రెండోది ఊరికే కూర్చుని కాపలా కాయాలి. మొదటిది పోయిందని తెలిస్తే రెండోది అందుకోవాలి. వాటి మధ్య కబురు మోసే తీగ అలిగింది. ఎదుటిది చచ్చిపోయిందని ఇది అనుకుంది, ఇది చచ్చిపోయిందని అది అనుకుంది. రెండూ కలిసి పట్టుదలగా పనిచేశాయి. తెల్లారేసరికి సీసాల్లో మందు గడ్డకట్టి రాయి అయింది. ఇన్సులిన్ వేడెక్కినా పనికిరాదు, గడ్డకట్టినా పనికిరాదు. ఐదుగురు పంచాయితీదారులకూ వేడెక్కితే అరవమని చెప్పాం కానీ చలికి అరవమని ఒక్కరికీ చెప్పలేదు. మాలాంటి వాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని బుద్ధి ఇది. వదిన కొత్త సీసా తీద్దామని పోయి మంచు చూసింది కాబట్టి సరిపోయింది.

ఆ ఆదివారం అన్న ఇదంతా తన మీద తనే జోకు వేసుకుంటూ చెప్పాడు. అద్దాలు చేతిలో పట్టుకున్నాడు, తుడవడం మర్చిపోయాడు. మేం నవ్వుదామా వద్దా అన్నట్టు ఉన్నాం. గిద్దలూరు బావ గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఒక మాట చెప్తా, ఏమనుకోవాక. ఒక మంచి ఫ్రిజ్జు. దానికొక ఇన్వర్టరు. చాలదా?"

అన్న ఆయన్ను చాలాసేపు చూశాడు.

"పో, టీ తే," అన్నాడు.

బావ మారుమాటాడకుండా లేచిపోయి టీలు తెచ్చాడు. ఆ పొద్దు ఎవరం సరిగా తాగలేదు. వచ్చే వారానికి అన్న పెట్టెకు చలి కనిపెట్టే ఏర్పాటు కూడా బిగించాడు, దానికి మళ్లీ ఒక తోడు బిగించాడు.

ఇంకొక్క సంగతి, మందు గడ్డకట్టక ముందుది. దొనకొండలో వాళ్ల చుట్టాల పెళ్లికి నన్నూ రమ్మన్నాడు. రైల్లో పోయాం. మందును మూడు వాటాలు చేసి, మూడు ఫ్లాస్కుల్లో పెట్టి, ఒకటి తను, ఒకటి వదిన, ఒకటి నేను పట్టుకున్నాం. అందరూ ఒకే బోగీలో కూర్చుంటే ఎట్ల, నువ్వు వెనక బోగీ ఎక్కు అన్నాడు నాతో. దారి పొడుగునా ఫోను. "నీది చల్లగుందా? తెరవాక, పైన చెయ్యిపెట్టి చూడు." దొనకొండలో దిగాక ప్లాట్‌ఫారం మీద, చుట్టాలందరి ముందు, మూడు ఫ్లాస్కులూ వరసగా పెట్టి లెక్క చూసుకున్నాడు. ఏమయింది, ఎవరికి బాగలేదు అని ఒకటే అడగడం. పాప అప్పటికి ఎదిగిన పిల్ల, కొత్త ఓణీ వేసుకుని వచ్చింది. దాని ముఖం మాడిపోయింది.

"నాయనా, నేను పెండ్లికి వచ్చినానా, నా మందు పెండ్లికి వచ్చిందా?"

చుట్టాలు నవ్వారు. అన్న కూడా నవ్వాడు. పాప నవ్వలేదు. నాకు ఆ పిల్లను చూస్తే జాలేసింది, ఆ మనిషిని చూసినా జాలేసింది. ఎవరివైపు మాట్లాడాలో తెలియక ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను.

అన్న పోయింది నిరుడు, ఇట్లాంటి ఎండల్లోనే. పొద్దున్నుంచి గుండెల్లో పట్టేసినట్టు ఉందంటే గ్యాసులే అని సోడా తాగాడట. మధ్యాహ్నం పెట్టె అరిచింది, మిద్దె మీది పలక నుంచి కరెంటు రావడం లేదని. ఇనుప నిచ్చెన ఎక్కి తీగ సరిచేసి దిగాడు. "అయిపోయింది, పెట్టె బాగుంది," అన్నాడట. మంచం మీద కూర్చుని నీళ్లడిగాడు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది. ఆసుపత్రికి చేరకముందే పోయాడు. ఎన్నిటికో తోడు కట్టిన మనిషి తన గుండె గురించి మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆయన పోయాక పెట్టెను చూసే పని నేనే తీసుకున్నాను. అప్పుడప్పుడు పోయి బ్యాటరీలు చూసి, మూత తీసి సీసాలు వరసగా ఉన్నాయని చూసుకుని వచ్చేవాణ్ణి. మిత్రుడి రుణం తీర్చుకుంటున్నానని లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

మొన్న నేను చెమటలు కక్కుతూ వాళ్లింటికి చేరేసరికి ముందుగది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఆ గుయ్యిమనే చప్పుడు లేదు. పెట్టె మూత తీసి గోడకు ఆనించారు. తీగలన్నీ ఊడదీసి, తలగుడ్డలా చుట్టి పక్కన పెట్టారు. వదిన గడప మీద కూర్చుని ఉంది, ఫోను ఒళ్లో ఉంది.

"వదినా, మందు? మందు యాడ పెట్టినారు?"

"మందుకేం కాలేదులేబ్బాయ. కూచో. నేను ఫోను ఎత్తలేకపోయినా. ఆయన పేరు కనపడతాంటే చెయ్యి ఆడలేదు. నీకు వస్తదని మతికి రాలేదు."

"పెట్టెలో మందు వేడెక్కుతది గదమ్మా!"

"పెట్టెలో మందు లేదు," అంది వదిన.

సీసాలు కనబడుతూనే ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. వదిన దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. "ఇవి నీళ్లు. మందు గడ్డకట్టినప్పట్నుంచి దీంట్లో మందు పెట్టలేదు నేను. ఆయన తెచ్చిచ్చిన మందు అట్లనే పక్కింటి పెద్దమ్మ ఫ్రిజ్జులో పెట్టేదాన్ని. వాళ్ల కొడుకులు గొర్రెల యాపారం గదా, గొర్రెల టీకాలు ఆ ఫ్రిజ్జులోనే పెడతారు. వాటికేం కానప్పుడు మా పాప మందుకేమవుతది అనుకున్నా. వాళ్లకు ఇన్వర్టరు గూడ ఉంది. వాడేసిన సీసాల్లోకి పాప సూదితో నీళ్లు ఎక్కించేది. అవి ఈడ పెట్టేదాన్ని, ఆయన చూసుకోవడానికి."

ఇన్నాళ్లూ పెరుగుగిన్నె పక్కన, గొర్రెల టీకాల పక్కన మందు హాయిగా ఉంది. ఐదుగురు పంచాయితీదారులు నీళ్ల సీసాలకు కాపలా కాశారు. నేనొచ్చి చూసి గర్వపడి పోయింది కూడా ఆ నీళ్ల సీసాలనే. కోపం రావాలి కానీ, వదిన ముఖం చూస్తే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

"అన్నకు చెప్పొచ్చు గదమ్మా," అన్నాను.

"ఎట్ల చెప్పేది? మందు గడ్డకట్టిన రోజు ఈ గడప మీదనే కూచోని ఏడ్చినాడయ్యా. నా బిడ్డను నేనే చంపబోయినా అని. మీ కాడికొచ్చి నవ్వులాటగ చెప్పినాడేమో, ఈడ చిన్నపిల్లోడి లెక్క ఏడ్చినాడు. ఇంక నీ పెట్టె వద్దు అని ఏ మొగంతో అంటా? ఆయన పోయినంక గూడ ఆపబుద్ధి గాలేదు. ఆ చప్పుడింటే మనిషి ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఈ పొద్దు పాపే పీకేసింది, ఫోను తీగ ఆఖర్న. నేను వినలేనమ్మా ఇంక అనింది."

వదిన వంటింట్లోకి పోయింది. పాప ఎప్పుడొచ్చిందో, తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇంటరు రెండో సంవత్సరం పరీక్షలు రాసిన పిల్ల. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మ నీకు సగమే చెప్పింది చిన్నాయనా," అంది.

"ఏంది తల్లీ?"

"ఆ పొద్దు పెట్టె అరిచినప్పుడు నాయన నిచ్చెన కాడికి పోతాంటే అమ్మ అడ్డం పోయింది. ఎండ తగ్గినాక ఎక్కొచ్చు గదా అనింది. మందు వేడెక్కుతది, జరుగు అన్నాడు. అప్పుడు అమ్మ నా మొగం చూసింది. చెప్పేద్దామా అన్నట్టు. నేను వద్దని తల ఊపినా." ఆ పిల్ల గొంతు ఏమాత్రం వణకలేదు, ఎన్నోసార్లు లోపల చెప్పుకున్నదే చెబుతున్నట్టు ఉంది. "చెప్తే మళ్లీ ఏడుస్తాడని. నాకు నాయన ఏడిస్తే చూడబుద్ధి కాదు. అందుకే ఊపినా. నేను ఊపకపోయింటే నాయన ఎక్కేవోడా చిన్నాయనా?"

"అది గుండెపోటు తల్లీ. పొద్దున్నుంచే ఉంది గదా. ఎక్కినా ఎక్కకున్నా..."

"డాక్టరు చెప్పింది నేనూ విన్నా. నేనడిగింది అది గాదు."

"మీ నాయన సంగతి నీకు తెలీదా? మందు పక్కింట్లో ఉందంటే, పక్కింటి మిద్దె ఎక్కి వాళ్ల ఫ్రిజ్జుకు గూడ ఒక పెట్టె కట్టేవోడు," అన్నాను, నవ్విద్దామని.

పాప నవ్వలేదు. "చిన్నాయనా, మంచికని చెప్పి ఈ ఇంట్లో ఒక మాట దాచినాం. ఏమయిందో చూసినావు గదా. అందరూ నాకు మంచికే చెప్తన్నారు. నువ్వు గూడ అట్ల చెప్పాక. ఆ పొద్దు, ఆ ఎండలో, ఎక్కేవోడా కాదా?"

అబద్ధం నాలుక మీదే ఉంది. చెప్పేస్తే నేను తేలిగ్గా లేచి ఇంటికి పోవచ్చు. ఆ కళ్లు చూస్తే చెప్పలేకపోయాను.

"ఎక్కేవోడు కాదు," అన్నాను. "ఆ పొద్దు ఎక్కేవోడు కాదు. ఇంకో పొద్దు ఏమయ్యేదో నాకు తెలీదమ్మా. నీ తప్పని మాత్రం నేననను, ఎవరన్నా అంటే ఊరుకోను."

పాప తల ఊపింది. "ఇన్నాళ్లకు ఒకరు చెప్పినారు," అంది.

లోపల్నుంచి వదిన అన్నానికి పిలిచింది. నాకూ కంచం పెట్టింది. పాప చేతులు కడుక్కుని, కుండలోంచి సీసా తీసి, సూదిలోకి మందు ఎక్కించుకుని, వెలుతురుకు పెట్టి చూసుకుని, పొట్టలో గుచ్చుకుంది. వచ్చి మా మధ్యలో కూర్చుంది. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. అప్పుడు వచ్చింది ఏడుపు, ఏడాదంతా ఆపుకున్నది. వదిన ఏమీ అడగకుండా దగ్గరికి తీసుకుంది. వదిన ఒక చేత్తో పాప కళ్లు తుడుస్తూ, ఇంకో చేత్తో ముద్ద అందిస్తూ, "తిను తల్లీ, తిను," అంటూనే ఉంది. సూది వేసుకున్నాక తినకుండా ఉండకూడదు. అందుకని ఆ పిల్ల ఏడుస్తూనే అన్నమంతా తింది.